చీకటికి కళ్ళు అలవాటు పడడమంటే ఏమిటి?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము. - సంపాదకవర్గం)



ఆరోగ్యానికి సంబంధించి ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరారు. బి.పి. గురించీ, షుగరు గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ మీరందరూ ఎన్నో ప్రసంగాలు విన్నారు. ఆ విషయాల్లో ఈ వయసుకి మనలో ప్రతివారూ సగం డాక్టరే. కళ్ళ సంగతికొస్తే, శుక్లాలంటే ఏమిటో తెలియనివారు ఈ హాలులో వుండరు. అందుచేత అందరికీ అనుభవంలో వుండి కూడా ఎవరూ డాక్టరుతో చెప్పుకోని ఒక సంగతిని ఎంచుకున్నాను. వెలుతురులోంచి చీకట్లోకి వెళ్ళినప్పుడు మన కన్ను ఏం చేస్తుంది? వయసు పెరిగాక ఆ పని ఎందుకు ఆలస్యమవుతుంది? ఇదీ ఈనాటి విషయం.

కిందటి సమావేశంలో భోజనాల దగ్గర ఒక మిత్రుడు నన్నడిగారు: "ఏమండీ, శుక్లం ఆపరేషను చేయించుకున్నాను. బోర్డు మీద చివరి వరుస దాకా గడగడా చదివాను. డాక్టరుగారు 6/6 అన్నారు. మరి రాత్రిపూట కరెంటు పోతే నాకు ఎదుటి గోడ కూడా కనబడదేం? మా మనవడు చక్కగా నడిచి వెళ్ళి కొవ్వొత్తి తెస్తాడు. నేను మాత్రం మంచం పట్టెడ పట్టుకుని కూర్చుంటాను." పక్కనున్నవారు "వయసు మీద పడింది మాస్టారూ" అని నవ్వేశారు. వయసన్నది నిజమే. కాని ఆ వయసు కంటిలో ఎక్కడ పడింది, ఏం చేసింది, దానికి మనం చేయగలిగిందేమిటి అన్నది తెలిస్తే గాని అది జవాబు కాదు. ఆయన ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఇవాళ నిలబడ్డాను.

కనుపాప చేసే పని కొంతే

సినిమా మొదలయ్యాక హాలులోకి వెళ్ళిన అనుభవం అందరికీ వున్నదే. మొదట ఏమీ కనబడదు. టార్చిలైటు మనిషి చూపిన వరుసలోకి, ఎవరి కాళ్ళు తొక్కుతున్నామో తెలియకుండా వెళ్ళి కూర్చుంటాం. పది నిమిషాలు గడిచేసరికి పక్కవారి ముఖం తెలుస్తుంది. మరికాసేపటికి మెట్లమీది చెత్తకాగితం కూడా కనిపిస్తుంది. తెరమీది వెలుగు పెరగలేదు, హాలు మారలేదు. మారింది మన కన్ను.

"చీకట్లో కనుపాప పెద్దదవుతుంది, అందుకని" అని చిన్నప్పుడు చదువుకున్నాం. అది నిజమేగాని లెక్క కట్టి చూడండి. యౌవనంలో కనుపాప రంధ్రం ఎండలో సుమారు 2 మిల్లీమీటర్లు, చీకట్లో సుమారు 8 మిల్లీమీటర్లు వుంటుంది. అడ్డుకొలత నాలుగు రెట్లయితే వైశాల్యం పదహారు రెట్లు. అంటే లోపలికి వచ్చే వెలుగును కనుపాప పదహారు రెట్లు మాత్రమే పెంచగలదు. సూర్యుడు పున్నమి చంద్రుడికన్న సుమారు 4 లక్షల రెట్లు ప్రకాశవంతుడు. అయినా మనం మిట్టమధ్యాహ్నమూ నడుస్తాం, వెన్నెట్లోనూ నడుస్తాం. అమావాస్యనాటి చుక్కల వెలుగు వెన్నెలలో నూరో వంతు కూడా వుండదు, అందులోనూ దారి పోల్చుకుంటాం. పదహారు రెట్లతో ఈ వ్యవహారం నడవదు గదా! మిగిలిన పనంతా కనుపాప వెనుక, కంటి లోపలి గోడకు అతుక్కుని వున్న రెటీనా చేస్తుంది.

ఇద్దరు ఉద్యోగులు, రెండు షిఫ్టులు

రెటీనాలో వెలుగును పట్టే కణాలు రెండు రకాలు. ఒక రకం శంకువు ఆకారంలో వుంటాయి, వాటిని శంకుకణాలు (కోనులు) అంటాం. రెండవ రకం సన్నగా పొడుగ్గా కడ్డీల్లాగా వుంటాయి, అవి దండకణాలు (రాడ్లు). ఒక్కొక్క కంటిలో శంకుకణాలు సుమారు 60 లక్షలు, దండకణాలు సుమారు 12 కోట్లు. 1866లోనే జర్మనీ శాస్త్రజ్ఞుడు మాక్స్ షుల్ట్జ్ వీటి పనులు వేరని గుర్తించాడు. శంకుకణాలది పగటి షిఫ్టు. రంగులు చూడడం, అక్షరాలు చదవడం, సూదిలో దారం ఎక్కించడం వాటి పని. దండకణాలది రాత్రి షిఫ్టు. వాటికి రంగులు తెలియవు, సన్నని అక్షరాలు తెలియవు. కాని అతి తక్కువ వెలుగులో కూడా ఆకారాన్నీ, కదలికనూ పట్టేస్తాయి. పిల్లి వెన్నెట్లో తెల్లగానో నల్లగానో కనిపిస్తుందిగాని గోధుమరంగుగా కనిపించకపోవడానికి కారణమిదే.

వాటి చోటు గురించి కూడా ఒక మాట చెప్పాలి. మనం దేనినైనా సూటిగా చూసినప్పుడు ఆ బొమ్మ రెటీనా నడిమధ్యన పడుతుంది. అక్కడ కిక్కిరిసి వున్నవన్నీ శంకుకణాలే, దండకణాలు అసలు లేవు. దండకణాలు దాని చుట్టూ వున్నాయి. అందుకే ఆకాశంలో మసకగా వుండే చుక్కను సూటిగా చూస్తే మాయమవుతుంది, కాస్త పక్కకు చూస్తే కనిపిస్తుంది. కృత్తికలను మనవలకు చూపించేటప్పుడు ఈ ఉపాయం చెప్పండి, ఇంకో రెండు చుక్కలు ఎక్కువ లెక్కపెడతారు.

మన మిత్రుడి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే వున్నది. డాక్టరుగారి బోర్డు మంచి వెలుతురులో నల్లని అక్షరాలతో వుంటుంది. దానిని చదివేవి శంకుకణాలు. 6/6 అనేది పగటి షిఫ్టు ఉద్యోగికి ఇచ్చిన సర్టిఫికెట్. రాత్రి షిఫ్టువాడిని ఆ పరీక్షలో ఎవరూ పిలవనేలేదు.

ఒక్క కాంతికణం చాలు

దండకణం ఎంత సున్నితమైనదో తెలిస్తే ఆశ్చర్యపోతాం. 1942లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో హెక్ట్, ష్లేర్, పిరెన్ అనే ముగ్గురు తమ కళ్ళమీదే ఒక ప్రయోగం చేసుకున్నారు. చీకటి గదిలో అరగంట కూర్చుని, తర్వాత అతి చిన్న వెలుగు మెరుపులను చూసి "కనబడింది", "కనబడలేదు" అని చెప్పారు. లెక్క వేస్తే రెటీనా 5 నుంచి 14 కాంతికణాలను (ఫోటాన్లను) పట్టుకుంటే చాలు, మనిషికి మెరుపు కనబడుతుందని తేలింది. ఆ మెరుపు పడే చోట సుమారు 500 దండకణాలున్నాయి. పది కాంతికణాలు ఐదువందల మందికి పంచితే ఒక్కొక్కరికి ఒకటికన్న ఎక్కువ దక్కే అవకాశం బహుతక్కువ. అంటే ఒక దండకణం ఒక్క కాంతికణానికే స్పందిస్తుందన్నమాట. 1979లో బేలర్, లాంబ్, యావ్ అనే శాస్త్రజ్ఞులు గోదురుకప్ప కంటిలోని ఒకే ఒక్క దండకణం నుంచి ఆ విద్యుత్ స్పందనను కొలిచి చూపారు. సృష్టిలో వెలుగును అంతకన్న చిన్న ముక్కగా చేయడం కుదరదు. అంటే దండకణం ఆ విద్యలో చివరి మెట్టు దాకా వెళ్ళింది.

ఇది ఎలా సాధ్యం? మామూలుగా మనం వెలుగు పడితే కణం పనిచేస్తుందనుకుంటాం. దండకణం సంగతి తలకిందులు. చీకట్లో దాని గోడలోని సన్నని ద్వారాలు తెరుచుకుని వుంటాయి, వాటిగుండా సోడియం, కాల్షియం లోపలికి వస్తూ వుంటాయి, సన్నని విద్యుత్తు ప్రవహిస్తూ వుంటుంది. వెలుగు పడితే ఆ ప్రవాహం తగ్గుతుంది. కాలనీ కాపలావాడు రాత్రంతా కర్ర చప్పుడు చేస్తూ తిరిగి, ఎవరైనా కనిపించగానే చప్పుడు ఆపినట్టు. ఆ చప్పుడు ఆగడమే మెదడుకు వార్త.

వార్త పుట్టే తీరు మన ఆఫీసుల్లో సర్క్యులర్ వెళ్ళినట్టు వుంటుంది. ఒక్కొక్క దండకణంలో రోడాప్సిన్ అనే ఎర్రని పదార్థపు అణువులు సుమారు 10 కోట్లు వుంటాయి. అందులో ఒక్కదానికి కాంతికణం తగిలితే అది పదుల సంఖ్యలో ట్రాన్స్‌డ్యూసిన్ అనే అణువులను కదిలిస్తుంది. అవి వెళ్ళి మరో రకం ఎంజైములను మేలుకొలుపుతాయి. ఆ ఎంజైములు సైక్లిక్ జి.ఎం.పి. అనే రసాయనాన్ని వేల సంఖ్యలో విరగ్గొడతాయి. ద్వారాలను తెరిచి వుంచేది ఆ రసాయనమే. అది తగ్గగానే ద్వారాలు మూసుకుంటాయి. హైదరాబాదులో ఒక్క సంతకం పడితే జిల్లాలకు, అక్కడినుంచి మండలాలకు, అక్కడినుంచి గ్రామాలకు కాపీలు వెళ్ళినట్టే. ఒక్క కాంతికణం దెబ్బకు కణంలోని ప్రవాహం నూటికి మూడు నుంచి ఐదు వంతులు తగ్గుతుంది.

టాంకులో తేలే బంతి

ఇక్కడొక చిక్కు వచ్చింది. ఒక్క కాంతికణానికే ఇంత గొడవైతే, వెలుగు కాస్త పెరిగి సెకనుకు వందల కాంతికణాలు పడితే ద్వారాలన్నీ మూసుకుపోవాలి. అన్నీ మూసుకున్నాక కణం ఇంకేమీ చెప్పలేదు. కాబట్టి వెలుగు పెరిగేకొద్దీ దండకణం తన సున్నితత్వాన్ని తనే తగ్గించుకోవాలి. నిజంగానే తగ్గించుకుంటుంది. దానికి సాధనం కాల్షియం.

మన ఇళ్ళమీది నీళ్ళ టాంకు గుర్తు చేసుకోండి. లోపల ఒక బంతి తేలుతూ వుంటుంది. నీటిమట్టం తగ్గితే బంతి దిగుతుంది, కవాటం తెరుచుకుంటుంది. మట్టం పెరిగితే బంతి లేచి కవాటాన్ని మూస్తుంది. మోటారు దగ్గర మనిషి కూర్చోనక్కరలేదు. దండకణంలో కాల్షియం మట్టం అలాంటిదే. చీకట్లో ద్వారాలగుండా కాల్షియం వస్తూ వుంటుంది, మరొక వైపు నుంచి దానిని తోడి బయట పోసే ఏర్పాటు నిరంతరం నడుస్తూ వుంటుంది. వెలుగు పడి ద్వారాలు మూసుకుంటే రాక తగ్గుతుంది, పోక మాత్రం ఆగదు. మట్టం దిగుతుంది. ఆ దిగడమే సంకేతం. అప్పుడు మూడు పనులు జరుగుతాయి. సైక్లిక్ జి.ఎం.పి.ని తయారుచేసే ఎంజైము జోరందుకుంటుంది. వెలుగు తగిలిన రోడాప్సిన్‌ను తొందరగా అణచివేసే ఏర్పాటుకు అడ్డు తొలగుతుంది. ద్వారాలు కూడా కొద్దిపాటి రసాయనానికే తెరుచుకునేలా మారతాయి. ఫలితంగా మూసుకున్న ద్వారాలు కొన్ని మళ్ళీ తెరుచుకుంటాయి, ఆ తర్వాత పడే ప్రతి కాంతికణానికీ స్పందన చిన్నదిగా, చురుకుగా వుంటుంది. 1988లో శాస్త్రజ్ఞులు కాల్షియం మట్టం మారకుండా అడ్డుకుని చూశారు. దండకణాలు, శంకుకణాలు రెండూ వెలుగుకు సర్దుకునే శక్తిని కోల్పోయాయి. బంతిని కట్టేస్తే టాంకు పొంగిపోవడం లాంటిదే అది.

ఈ సర్దుబాటు అంతా సెకన్లలో జరిగిపోతుంది. మట్టసంగా వున్న వెలుగునుబట్టి కణం తన కొలబద్దను మార్చుకుంటుంది. కటిక చీకట్లో అగ్గిపుల్ల గీస్తే గది అంతా కనిపిస్తుంది, ఎండలో గీస్తే అది వెలిగిందో లేదో వేలు కాలితే గాని తెలియదు. కన్ను వెలుగును చూసే పద్ధతి ఇది. ఎంత వెలుగు వచ్చిందని కాక, ఇంతకుముందున్న దానికన్న ఎంత వంతు పెరిగిందని చూస్తుంది.

ఐతే దీనికీ హద్దున్నది. పట్టపగటి వెలుగులో దండకణాలు చేతులెత్తేస్తాయి. ద్వారాలన్నీ మూసుకుని వూరుకుంటాయి. అప్పటికి శంకుకణాలు డ్యూటీలో వుంటాయి గనుక మనకేమీ తెలియదు. ఎలుకలపై చేసిన పరిశోధనలు 2002లో మరొక సంగతి బయటపెట్టాయి. ఎక్కువ వెలుగులో వుంచితే ట్రాన్స్‌డ్యూసిన్‌లో చాలా భాగం తను పనిచేసే గది వదిలి కణంలోని వేరే భాగానికి వెళ్ళిపోతుంది. చీకటి పడ్డాక తిరిగి రావడానికి గంటలు పడుతుంది. పని లేని చోట ఊరికే కూర్చోవడమెందుకని కాబోలు!

ఖాళీ సిలిండరు, నిండు సిలిండరు

వెలుగులోకి వెళ్ళి తగ్గడం సెకన్ల పని. చీకట్లోకి వచ్చి తిరిగి ఎదగడమే ఆలస్యం. కారణమేమిటంటే, రోడాప్సిన్ లోపల విటమిన్ ఎ నుంచి తయారైన రెటినాల్ అనే చిన్న అణువొకటి ముడుచుకుని వుంటుంది. కాంతికణం తగలగానే అది నిటారుగా సాగుతుంది. ఒకసారి సాగిన అణువు మళ్ళీ పనికిరాదు, రోడాప్సిన్ రంగు వెలిసిపోతుంది. 1876లో ఫ్రాంజ్ బోల్ కప్ప కంటిలో ఈ రంగు వెలియడాన్ని గమనించాడు. విటమిన్ ఎకూ చూపుకూ గల ఈ రసాయన సంబంధాన్ని విప్పి చెప్పిన జార్జ్ వాల్డ్ 1967లో మరిద్దరితో కలిసి నోబెల్ బహుమతి పొందాడు.

సాగిపోయిన అణువును దండకణం తనంతట తాను సరిచేసుకోలేదు. రెటీనా వెనుక నల్లని వర్ణకంతో నిండిన పొర ఒకటి వున్నది. అణువు అక్కడికి వెళ్ళాలి, అక్కడ మళ్ళీ ముడతపడాలి, తిరిగి దండకణానికి చేరాలి. గ్యాసు సిలిండరు వ్యవహారమే ఇది. ఖాళీది డిపోకు వెళ్ళాలి, నిండి రావాలి, అందాకా పొయ్యి వెలగదు. ఈ డిపోలో పనిచేసే ముఖ్యమైన ఎంజైము పేరు ఆర్.పి.ఇ.65. పుట్టుకతో ఆ ఎంజైము లోపించిన పిల్లలకు చూపు వుండీ లేనట్టే. వారికోసం తయారైన జన్యుచికిత్సకు అమెరికాలో 2017లో అనుమతి లభించింది.

ఇంకొక విశేషం. రెటినాల్ పోయి ఖాళీగా మిగిలిన రోడాప్సిన్ ఊరుకోదు. సన్నగా తప్పుడు సంకేతాలు ఇస్తూనే వుంటుంది. అంటే మనం చీకటి గదిలోకి వచ్చేశాక కూడా దండకణం లెక్కలో వెలుగు ఇంకా పోలేదు. అందుకే తన సున్నితత్వాన్ని దించే వుంచుతుంది. ఖాళీలన్నీ నిండేదాకా దానికి చీకటి పడనట్టే.

ఎండలోంచి చీకటి గదిలోకి వచ్చిన యువకుడి కన్ను తీసుకోండి. మొదటి ఐదు పది నిమిషాల్లో శంకుకణాలు కోలుకుంటాయి, వాటికి సరఫరా త్వరగా అందుతుంది. కాని అంతకుమించి అవి ఎదగలేవు. అక్కడినుంచి దండకణాలు అందుకుంటాయి. పూర్తి శక్తి రావడానికి ముప్పై నలభై నిమిషాలు పడుతుంది. ఈలోపల కంటి సున్నితత్వం పదివేల రెట్లకు పైగా పెరుగుతుంది.

వయసు ఎక్కడ పడింది?

ఇప్పుడు మన సంగతికి వద్దాం. వయసుతోబాటు నాలుగు మార్పులు వస్తాయి.

ఒకటి, కనుపాప చీకట్లో మునుపటంత విచ్చుకోదు. చాలామందిలో 5 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. యువకుడి కంటిలోకి వెళ్ళే వెలుగులో సగంకన్న తక్కువే మనకు దక్కుతుంది. రెండు, కంటికటకం పసుపుబారుతుంది. అది ఆపగలిగేది నీలం, ఆకుపచ్చ వైపు వెలుగును. దండకణాలకు ఇష్టమైనదీ ఆ వైపే. ఆపరేషనుతో ఈ ఒక్క అడ్డు తొలగుతుంది. మూడు, దండకణాలే తగ్గుతాయి. దానమిచ్చిన కళ్ళను పరీక్షించి 1993లో ప్రచురించిన ఒక పరిశోధనలో, రెటీనా మధ్యభాగం చుట్టూ వున్న దండకణాలు వార్ధక్యానికి నూటికి ముప్పై వంతులు తగ్గినట్టూ, నడిమధ్యనున్న శంకుకణాలు మాత్రం చెక్కుచెదరనట్టూ తేలింది. పగటివాడు నిలిచాడు, రాత్రివాడు తగ్గాడు.

నాలుగోది అన్నిటికన్న ముఖ్యం. డిపోకు దారి పాడవుతుంది. నల్లని పొరకూ దాని వెనుక రక్తనాళాలకూ నడుమనున్న పలుచని తెర వయసుతో మందమవుతుంది, కొవ్వు పేరుకుంటుంది. విటమిన్ ఎ వచ్చేది ఆ తెరగుండానే. సరఫరా నెమ్మదిస్తుంది. అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1999లో ఆరోగ్యవంతమైన కళ్ళున్న వివిధ వయసులవారిని పరీక్షించారు. ప్రతి పదేళ్ళ వయసుకూ దండకణాలు కోలుకునే సమయం రెండున్నర, మూడు నిమిషాల చొప్పున పెరుగుతూ వచ్చింది. డెబ్బైలలో వున్నవారికి ఇరవైలలో వున్నవారికన్న పది నిమిషాలకు పైగా ఎక్కువ పట్టింది. గమనించండి, వారికి కంటిజబ్బేమీ లేదు.

మన మిత్రుడికి ఇది పూర్తి జవాబు. ఆయన అక్షరాలు చదివింది శంకుకణాలతో. కరెంటు పోయినప్పుడు కావలసింది దండకణాలు. మనవడి కన్ను చీకటికి తొందరగా సర్దుకుంది, ఆయన కన్ను డిపో ముందు క్యూలో నిలబడింది. మంచం మీద కూర్చోవడం పిరికితనం కాదు, సరైన పని.

వయసుకు అంటగట్టకూడనివి

ఐతే అన్నిటినీ వయసు ఖాతాలో వేయకూడదు. నెమ్మదిగా ఏళ్ళమీద వచ్చేది వేరు, కొద్ది నెలల్లో రాత్రిచూపు తగ్గిపోవడం వేరు. రెటీనా నడిభాగం వయసుతో క్షీణించే జబ్బులో బోర్డు చదవడం బాగానే వున్న దశలోనే చీకటికి సర్దుకోవడం మందగిస్తుంది. నీటికాసులు, శుక్లం, షుగరు వల్ల రెటీనాకు వచ్చే జబ్బు కూడా రాత్రిచూపును తీస్తాయి. వంశపారంపర్యంగా వచ్చే రెటినైటిస్ పిగ్మెంటోజాలో మొదట పోయేది దండకణాలే. మన ప్రాంతంలో మేనరికాలు ఎక్కువ గనుక ఇలాంటి జబ్బులు కొన్ని పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది. చీకటి పడితే తడుముకునే పిల్లవాడిని "చూసి నడవలేవా" అని కసరకండి, కంటిడాక్టరుకు చూపించండి.

ఇక రేచీకటి. విటమిన్ ఎ లేకపోతే సిలిండరులో నింపడానికి గ్యాసే లేదన్నమాట. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగానే 1970లో మన దేశంలో చిన్నపిల్లలకు ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్ల విటమిన్ ఎ ఇచ్చే కార్యక్రమం మొదలయింది. పెద్దవారిలో ఈ లోపం అరుదు. కాని కాలేయం జబ్బున్నవారికి, పేగుల ఆపరేషను అయినవారికి తిన్నది ఒంటబట్టక రావచ్చు. తోటకూర, మునగాకు, బొప్పాయి, మామిడి, పాలు, గుడ్డు సరిపోతాయి. సొంతంగా విటమిన్ ఎ మాత్రలు కొని మింగకండి. ఎక్కువైతే కాలేయానికి చేటు. డిపోకు దారి బాగాలేనప్పుడు సిలిండర్లు ఎక్కువ కొన్నందువల్ల లాభం లేదు.

మనం చేయగలిగినవి

మన వయసులో రాత్రిపూట పడితే తుంటి ఎముక విరుగుతుంది. తుంటి విరిగితే మంచం, మంచమంటే ఇంటిల్లిపాదికీ కష్టం. అందుకని కొన్ని జాగ్రత్తలు చెబుతాను.

మొదటిది, పడకగదినుంచి స్నానాలగది దాకా నేలకు దగ్గరగా చిన్న రాత్రిదీపం పెట్టుకోండి. ఎర్రదో, నారింజరంగుదో అయితే మరీ మంచిది. దండకణాలు ఎర్రని వెలుగును అంతగా పట్టించుకోవు, కాబట్టి వాటి శక్తి చెడదు. మనలో చాలామందిమి గది వదిలితే లైటు ఆర్పే తరంవాళ్ళం. కరెంటు దండగ అనిపించవచ్చు. లెక్క చూడండి. అర వాటు ఎల్.ఇ.డి. దీపం రోజుకు పది గంటల చొప్పున ఏడాదంతా వెలిగితే రెండు యూనిట్లు కూడా కాలదు.

రెండవది, నిద్రలో కన్ను పూర్తిగా చీకటికి సర్దుకుని వుంటుంది. స్నానాలగదిలో ట్యూబులైటు వేశారంటే ఆ సంపాదనంతా పోతుంది, తిరిగి వచ్చేటప్పుడు ఏమీ కనబడదు. పడిపోవడాలు ఈ తిరుగు ప్రయాణంలోనే పొంచి వుంటాయి. అక్కడా చిన్న దీపమే వుంచండి. అర్ధరాత్రి సెల్‌ఫోను ముఖానికి దగ్గరగా పెట్టి టైము చూసి వెంటనే లేవకండి.

మూడవది, మెలకువ రాగానే లేచి నడవకుండా మంచం అంచున ఒక నిమిషం కూర్చోండి. కంటికీ మంచిది, లేవగానే బి.పి. పడిపోయేవారికీ మంచిది. చేతికందేచోట టార్చిలైటు వుంచుకోండి. కాలింగ్ బెల్ మోగినా, ఫోను మోగినా పరుగెత్తకండి.

నాలుగవది, ఎండలోంచి ఇంట్లోకి వచ్చినప్పుడు గడప దగ్గర ఆగండి. గుడిలో గర్భాలయం ముందు మెట్ల దగ్గర, సినిమాహాలు ద్వారం దగ్గర కూడా అంతే. వెనకనున్నవారు తొందరపెడితే పక్కకు తప్పుకుని వారిని ముందు పోనివ్వండి. ఇంట్లో మెట్ల అంచులకు తెల్లరంగు గీత వేయించండి.

ఐదవది, మధ్యాహ్నమంతా ఎండలో తిరిగితే ఆ రాత్రి చూపు ఆలస్యంగా కోలుకుంటుంది. టోపీ, గొడుగు, చలువ కళ్ళద్దాలు వాడండి. చీకటిపడ్డాక మాత్రం చలువ కళ్ళద్దాలు తీసేయండి.

ఆరవది, బండి నడపడం. ఎదురుగా వచ్చే లారీ లైట్లవంక చూడకుండా చూపును రోడ్డు ఎడమ అంచున నిలపండి. రాత్రి బండి నడపడం కష్టంగా వుంటే మానేయండి. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇక్కడున్న పిల్లలకు, కోడళ్ళకు, అల్లుళ్ళకు ఒక్క మాట. నాన్నగారు చీకట్లో ఆగారంటే మొండితనం వల్ల కాదు, అత్తగారు దీపం ఆర్పవద్దన్నారంటే చాదస్తం వల్ల కాదు. వారి కంటికి మీ కంటికన్న పది నిమిషాలు ఎక్కువ కావాలి. ఆ పది నిమిషాలు వారికివ్వండి. వారు ఆగినచోట మీరూ ఆగి చేయి అందివ్వండి.

చివరగా ఒక విశేషం చెప్పి ముగిస్తాను. దండకణాలు పుట్టాక కొత్తవి రావు. ఇప్పుడు మన కంటిలో వున్నవి మనతోపాటు పుట్టినవే. కాని కాంతిని పట్టే భాగాన్ని మాత్రం అవి రోజూ కొంచెం కొంచెంగా కొత్తగా కట్టుకుంటాయి, సుమారు పది రోజుల్లో మొత్తం కొత్తదవుతుంది. మనందరం రిటైరయ్యాం. అవి మాత్రం ఇప్పటికీ ప్రతిరాత్రీ డ్యూటీకి వస్తున్నాయి. కాస్త ఆలస్యంగా వస్తున్నాయంతే. ఇన్నేళ్ళ సర్వీసున్నవాటికి ఆ మాత్రం గ్రేస్ టైము ఇవ్వడం మన ధర్మం.